పొలం గట్టు టేకు: చుట్టుకొలత తెలియకపోతే సొమ్ము చేజారుతుంది

కలప అడితిలో టేకు ధర ఎంత అని అడిగితే సూటిగా జవాబు రాదు. లావెంత, పొడవెంత అన్న ఎదురు ప్రశ్నే ముందు వస్తుంది. బియ్యానికో బెల్లానికో ఉన్నట్టు టేకుకు ఒకే బజారు ధర అంటూ లేదు. ఒకే లారీలో వచ్చిన రెండు దుంగలలో లావుపాటి దానికి ఘనపుటడుగు ఒక రేటు, సన్నదానికి అంతకంటె తక్కువ రేటు పలకడం ఈ వర్తకంలో మామూలు. అంటే చుట్టుకొలత ధరను రెండు వైపుల నుంచి నిర్ణయిస్తున్నది. దుంగలో ఎన్ని అడుగుల కలప ఉన్నదో తేల్చేదీ అదే, అడుగుకు ఎంత కట్టాలో తేల్చేదీ అదే.

ఇంత ముఖ్యమైన కొలత గురించి అమ్మేవారిలో చాలామందికి తెలిసింది తక్కువ. పొలం గట్ల మీద పాతికో ముప్ఫయ్యో టేకు మొక్కలు నాటుకున్న రైతు వాటిని ఆడపిల్ల పెళ్లికో, ఇల్లు కట్టుకోవడానికో దాచుకున్న సొమ్ముగా చూసుకుంటాడు. తీరా ఆ అవసరం వచ్చిన రోజున చెట్లను కంటితో చూసి, మొత్తం మీద ఇంత అని గుత్తగా ఇచ్చేస్తాడు. కొనే వర్తకుడు మాత్రం టేపు జేబులో పెట్టుకునే వస్తాడు. బేరానికి ముందే చెట్టు చెట్టునూ చుట్టి చూసుకుంటాడు. కొలిచి కొనేవాడికీ, కొలవకుండా అమ్మేవాడికీ మధ్య జరిగే బేరం ఎటు మొగ్గుతుందో చెప్పనక్కరలేదు.

రొమ్మెత్తున ఎందుకు?

నిలువు చెట్టును నేల మీది నుంచి 4 అడుగుల 6 అంగుళాల ఎత్తున, అంటే 1.37 మీటర్ల వద్ద కొలవడం మన దేశపు అటవీశాఖల పద్ధతి. దీనినే రొమ్మెత్తు చుట్టుకొలత అంటారు. ఐరోపా దేశాలలో ఇది 1.30 మీటర్లు. మనిషి వంగకుండా, నిక్కకుండా టేపు చుట్టగలిగే ఎత్తు అది. పైగా మొదట్లో వేళ్ల దగ్గర ఉండే ఉబ్బు ఆ ఎత్తుకు వచ్చేసరికి చాలావరకు తగ్గిపోతుంది. అయితే ఎవరి రొమ్ము ఎత్తు వారిది కనుక, కొలిచేవారు తమ ఒళ్లును నమ్ముకోకుండా 1.37 మీటర్ల కర్ర ఒకటి వెంట ఉంచుకుంటారు. ఆ కర్రను మానుకు ఆనించి, దాని కొన వద్ద సుద్దతో గీత గీసి, ఆ గీత మీదనే టేపు వేస్తారు.

టేపు వేయడం చూడడానికి తేలిక. తప్పులు దొర్లేదీ అక్కడే. టేపు మానుకు అడ్డంగా, ఒకే మట్టంలో తిరగాలి. వెనుక వైపు జారితే చుట్టుకొలత ఉన్నదాని కంటె ఎక్కువ చూపిస్తుంది. చెట్టుకు పాకిన తీగలు, ఊడిపోతున్న బెరడు పెచ్చులు ముందుగా తీసివేయాలి. వాలు నేలలో ఉన్న చెట్టును ఎగువ వైపు నిలబడి కొలవాలి. పక్కకు ఒరిగిన చెట్టుకు 1.37 మీటర్లు మాను వెంబడి లెక్కించాలి గాని నేల నుంచి నిట్టనిలువుగా కాదు. ఆ ఎత్తుకు లోపలే రెండుగా చీలిన మానును రెండు చెట్లుగా లెక్కిస్తారు. సరిగ్గా గీత దగ్గర బుడిపె ఉంటే దానికి పైన ఒకటి, కింద ఒకటి సమాన దూరంలో కొలిచి సగటు తీస్తారు.

గుడ్డ టేపుల సంగతి వేరే చెప్పాలి. వాడగా వాడగా గుడ్డ సాగుతుంది. సాగిన టేపు మీద అంగుళాల గీతలు దూరం దూరంగా జరుగుతాయి కనుక 48 అంగుళాల మాను 47గానో ఇంకా తక్కువగానో కనిపిస్తుంది. ఆ తేడా ఎప్పుడూ కొనేవాడికే లాభం. ఉక్కు టేపు కొనడానికి పెద్ద ఖర్చేమీ కాదు.

ఒక్క అంగుళం ఖరీదు

అంగుళమే కదా అని వదిలేసేవారు లెక్క వేసి చూసుకోవలసిన అవసరం ఉన్నది. కలప పరిమాణం చుట్టుకొలతతో సమానంగా పెరగదు, దాని వర్గంతో పెరుగుతుంది. చుట్టుకొలత రెట్టింపయితే కలప నాలుగింతలవుతుంది.

వర్తకంలో నేటికీ ఎక్కువగా వాడేది నాలుగో వంతు లెక్క. దుంగ నడుమ చుట్టుకొలతను నాలుగుతో భాగించి, వచ్చినదాన్ని దానితోనే హెచ్చవేసి, పొడవుతో గుణిస్తారు. అంగుళాలలో కొలిచి, పొడవు అడుగులలో తీసుకుంటే చివరగా 144తో భాగించాలి. నడుమ 48 అంగుళాలు, పొడవు 10 అడుగులు ఉన్న దుంగనే తీసుకుంటే, నాలుగో వంతు 12 అంగుళాలు, అంటే ఒక అడుగు. కనుక కలప 10 ఘనపుటడుగులు. అదే పొడవున్న 24 అంగుళాల దుంగలో రెండున్నర అడుగులే ఉంటుంది.

ఇప్పుడు ఒక అంగుళం తగ్గించి చూద్దాం. 48 బదులు 47 అని రాస్తే 10 అడుగులు 9.59 అవుతుంది, తరుగు నూటికి నాలుగు. 36 బదులు 35 రాస్తే నూటికి అయిదున్నర పోతుంది. 24 బదులు 23 రాస్తే నూటికి ఎనిమిదికి పైనే. చెట్టు ఎంత సన్నదయితే ఒక్క అంగుళం అంత ఖరీదయినది. పొలం గట్ల టేకులో ఎక్కువ భాగం సన్నదే కావడం ఇక్కడ గమనించదగిన విషయం. పాతిక చెట్లలో చెట్టుకొక అంగుళం చొప్పున 'కింది అంకె వేసుకుందాం' అని ఒప్పుకున్న రైతు, తెలియకుండానే రెండు చెట్లను ఉచితంగా ఇచ్చినట్టవుతుంది.

టేపు ఎక్కడ వేశారన్నది ఇంకా పెద్ద ప్రశ్న. మొదట 60 అంగుళాలు, చివర 36 అంగుళాలు ఉన్న పదడుగుల దుంగను నడుమ కొలిస్తే సుమారు 48 వస్తుంది, కలప 10 అడుగులు. చివరి కొలతనే పట్టుకుంటే 5.6 అడుగులే. దాదాపు సగం మాయమయినట్టు. మొదలు, చివర కలిపి సగటు తీసే పద్ధతి కూడా ఉన్నది. మాను ఒకే తీరున సన్నబడుతూ పోతే దానికీ నడుమ కొలతకూ తేడా రాదు. కాని మొదట్లో ఉబ్బు ఉన్న దుంగలో ఆ సగటు అమ్మేవాడికి కొంత లాభంగా ఉంటుంది. అందుకే వర్తకులు దాన్ని ఇష్టపడరు.

హోప్పస్ వదిలిపోయిన లెక్క

ఈ నాలుగో వంతు లెక్కకు దాదాపు మూడు వందల ఏళ్ల చరిత్ర ఉన్నది. ఎడ్వర్డ్ హోప్పస్ అనే ఆంగ్లేయుడు 1736లో అచ్చు వేయించిన కొలతల పట్టికల వల్ల దీనికి హోప్పస్ కొలత అన్న పేరు స్థిరపడింది. ఇంగ్లీషువారి వెంట అది బర్మా టేకు వ్యాపారంలోకి, మన అడవి డిపోలలోకి వచ్చింది. కలప వర్తకంలో 'టన్ను' అంటే తూకం కాదు, ఈ లెక్క ప్రకారం 50 ఘనపుటడుగులు అన్నది కూడా ఆ కాలపు మిగులే. తూకం టన్నుకు అలవాటుపడిన జామాయిల్, సుబాబుల్ రైతులు టేకు బేరంలో ఈ మాట వింటే తికమకపడడం సహజం.

బర్మాలో చుట్టుకొలతను పన్ను గుంజే సాధనంగా కాక అడవిని కాపాడే సాధనంగా వాడినవాడు జర్మను వృక్షశాస్త్రజ్ఞుడు డీట్రిచ్ బ్రాండిస్. 1856లో పెగూ అడవుల బాధ్యత తీసుకున్న ఆయన, ఏనుగు మీద వెళుతూ కనబడిన టేకు చెట్లను చుట్టుకొలతను బట్టి తరగతులుగా విభజించి, చేతిలోని వెదురు ముక్కల మీద చాకుతో గాట్లు పెట్టుకుంటూ లెక్కించాడు. ఆరడుగుల చుట్టుకొలతకు చేరినవి మొదటి తరగతి. కింది తరగతుల చెట్లు ఎన్ని ఏళ్లలో ఆ తరగతికి ఎదుగుతాయో చూసి, అంతవరకే కొట్టనిచ్చాడు. 1864లో ఆయనే భారత ప్రభుత్వపు తొలి అటవీ ఇన్‌స్పెక్టర్ జనరల్ అయ్యాడు. ఆ రోజులలో బతుకుతెరువుకు రంగం వెళ్లిన తెలుగువారు రేవులలో, మిల్లులలో ఇదే కలపను మోసినవారే.

అసలు సంగతి ఏమిటంటే, హోప్పస్ లెక్క దుంగలో ఉన్న కలపను పూర్తిగా చూపించదు. 48 అంగుళాల చుట్టుకొలత, 10 అడుగుల పొడవు ఉన్న గుండ్రటి దుంగలో నిజంగా ఉన్నది 12.73 ఘనపుటడుగులు. హోప్పస్ లెక్కలో చూపేది 10. అంటే నూటికి 78.5 పాళ్లు మాత్రమే. మిగిలిన ఇరవై ఒకటిన్నర పాళ్లు కోతలో పోయే చెక్కపేళ్ల కింద, పొట్టు కింద వదిలేసినట్టు. పూర్తి పరిమాణం కావాలంటే 144 బదులు 113తో భాగించాలి. మీటర్లలో చెప్పుకుంటే, నిజమైన ఒక ఘన మీటరు 35.3 ఘనపుటడుగులు. హోప్పస్ అడుగులలో అయితే అది 27.7 మాత్రమే.

దీన్ని మోసం అనడం సరికాదు. రేటు కూడా అదే లెక్క మీద కట్టినదయితే ఎవరికీ నష్టం లేదు. హోప్పస్ అడుగుకు రేటు ఆ మేరకు ఎక్కువగా ఉంటుంది, అంతే. చిక్కు వచ్చేది కొలత ఒక లెక్కలో, రేటు మరో లెక్కలో ఉన్నప్పుడు. ఉదాహరణకు పూర్తి అడుగుకు రూ. 2,000 చొప్పున రేటు కుదిరిందని అనుకుందాం. పై దుంగకు రైతుకు రావలసింది సుమారు రూ. 25,460. రేటు మార్చకుండా కొలత మాత్రం హోప్పస్‌లో వేస్తే చేతికి వచ్చేది రూ. 20,000. ఒక్క దుంగ మీదనే అయిదు వేల పైచిలుకు తేడా. సామిల్లులో కోసిన సైజు చెక్క ధరను రైతు ఊళ్లో ఎవరినో అడిగి తెలుసుకుని, ఆ ధరను దుంగకు పోల్చుకోవడంలో వచ్చే గందరగోళం కూడా ఇలాంటిదే. కోసిన చెక్కను పొడవు, వెడల్పు, మందం గుణించి పూర్తి అడుగులలోనే అమ్ముతారు. కోత కూలి, తరుగు, అడితి ఖర్చులు కలిసిన ఆ ధర దుంగకు రాదు.

కొనేవాడి వైపు లెక్క కూడా చూడాలి. హోప్పస్‌లో 100 అడుగులు కొన్న మిల్లుదారు చేతికి నిజానికి 127 అడుగుల దుంగ వస్తుంది. అందులో నూటికి 60 పాళ్లు పనికివచ్చే చెక్కగా తేలిందనుకుంటే 76 అడుగులు. వంకర, పగులు, డొల్ల ఉంటే అదీ రాదు. కనుక మిల్లుదారు దుంగ రేటు మీద గీచి గీచి బేరమాడడంలో అర్థం లేకపోలేదు.

బెరడు ఎవరి వాటా?

బేరాలలో అతి ఎక్కువగా తగవు వచ్చేది బెరడు దగ్గర. బెరడు అరంగుళం మందం ఉంటే చుట్టుకొలతలో పోయేది అరంగుళం కాదు, మూడంగుళాల పైమాటే. బెరడుతో 48 అంగుళాలున్న మాను బెరడు తీస్తే 45కు దిగుతుంది. పది అడుగుల కలప 8.7 అడుగులవుతుంది. కొనేవాడు బెరడుకు డబ్బు ఇవ్వనంటాడు, అది న్యాయమే. కాని 'బెరడు కింద నాలుగంగుళాలు కొట్టేద్దాం' అని అన్ని చెట్లకూ ఒకే కోత వేయడం న్యాయం కాదు. సన్న చెట్టు బెరడు పలచగా ఉంటుంది. చేతనయినంతవరకు నడుమ గీత దగ్గర పట్టీలా బెరడు ఒలిచి, దాని మీద టేపు వేయించడమే తగవులేని పని.

గుండ్రంగా లేని దుంగల విషయంలో లాభం అమ్మేవారి వైపు ఉంటుంది. ఒకే చుట్టుకొలత గల ఆకారాలలో వృత్తానికే వైశాల్యం ఎక్కువ. కనుక నొక్కుకుపోయినట్టుండే మానును టేపుతో కొలిస్తే ఉన్నదాని కంటె ఎక్కువ కలపే లెక్కకు వస్తుంది. అటువంటి చోట కొందరు రెండు దిక్కుల అడ్డుకొలతలు తీసి సగటు వేస్తారు.

రేటు చుట్టుకొలత తరగతితో పెరగడానికి కారణం చేవ. టేకులో గిరాకీ అంతా పసుపు గోధుమ రంగు చేవకే. చుట్టూ ఉండే తెల్ల చెక్కకు పురుగు పడుతుంది, మన్నిక లేదు. తెల్ల చెక్క ఒకటిన్నర అంగుళం మందం ఉన్నదనుకుంటే, 24 అంగుళాల దుంగలో చేవ నూటికి 37 పాళ్లే. 36 అంగుళాల దుంగలో 54 పాళ్లు, 60 అంగుళాలకు వచ్చేసరికి 71 పాళ్లు. ద్వారబంధానికి పనికివచ్చే చేవ సన్నదుంగలో దొరకదు కనుకనే గుమ్మాల వడ్రంగులు లావు దుంగల కోసం వెదుకుతారు.

ఎప్పుడు అమ్మాలన్న ప్రశ్నకు కూడా జవాబు ఇక్కడే ఉన్నది. 36 అంగుళాల చెట్టు 40కి ఎదిగితే, పొడవు పెరగకపోయినా కలప నూటికి 23 పాళ్లు పెరుగుతుంది. చేవ వాటా పెరగడం, పై తరగతి రేటు పడడం దీనికి అదనం. మాను మీద రంగుతో గీత వేసి, ఏటా అదే నెలలో అదే గీత మీద కొలిచి ఒక పుస్తకంలో రాసుకున్న రైతుకు ఏ చెట్టు ఇంకా ఎదుగుతున్నదో, ఏది ఆగిపోయిందో తెలుస్తుంది. ఆగిపోయినవాటిని ముందు అమ్ముకోవచ్చు. 1990 దశకంలో ఇరవై ఏళ్లలో లక్షలు కురిపిస్తామంటూ డబ్బు పోగుచేసిన టేకు తోటల కంపెనీల ప్రకటనలలో చెట్ల సంఖ్య ఉండేది, రాబడి ఉండేది, చుట్టుకొలత మాత్రం ఉండేది కాదు. వాటిలో చాలా మూతపడ్డాయి. 1999లో సెబీ అటువంటి పథకాలకు నిబంధనలు తెచ్చింది.

నిలువు చెట్టు మీద అంచనా

రొమ్మెత్తు కొలతనే దుంగ నడుమ కొలతగా వేసి లెక్క కట్టడం రైతులు చేసే పొరపాటు. రొమ్మెత్తున 40 అంగుళాలు ఉండి, 15 అడుగుల దుంగ తేలే చెట్టుకు నడుమ కొలత 36 ఉన్నదనుకుంటే, మొదటి లెక్కలో 10.4 అడుగులు, రెండో లెక్కలో 8.4 అడుగులు వస్తుంది. ఈ రెండడుగులు వర్తకుడు కాజేసినవి కావు, అసలు లేనివి. అటవీశాఖ వారు ఇందుకోసం రొమ్మెత్తు చుట్టుకొలతను బట్టి కలపను చూపే పట్టికలు వాడతారు. నిలువు చెట్ల బేరంలో చెట్టుకు నంబరు వేసి, రొమ్మెత్తు కొలత రాసి, రేటును మాత్రం నరికిన తరువాత దుంగల నడుమ కొలత మీద కట్టేలా ఒప్పుకోవడం ఇద్దరికీ మంచిది.

సరుకు రాక విషయానికి వస్తే, 1996 డిసెంబరు 12న గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు ఉత్తర్వు తరువాత అడవి కొట్టుడుకు గట్టి కట్టుబాట్లు వచ్చాయి. మయన్మార్ 2014 ఏప్రిల్ 1 నుంచి దుంగల ఎగుమతి నిషేధించింది. ఘనా, టాంజానియా, ఈక్వడార్, పనామా, కోస్టారికా వంటి దేశాల తోటల టేకు ఓడలలో దిగుతున్నది. అది కూడా హోప్పస్ కొలతలోనే, చుట్టుకొలతలోను పొడవులోను కొన్ని సెంటీమీటర్లు తరుగు తీసి అమ్ముడవుతున్నది. దానిలో సన్నసరుకే ఎక్కువ కనుక, ఒకప్పుడు గోదావరి మీద తెప్పలుగా రాజమహేంద్రవరం అడితీలకు దిగినటువంటి లావు దుంగకు గిరాకీ తగ్గలేదు. ఎర్రచందనం సంగతి వేరు. అది తూకం మీద, టన్నుల లెక్కన వేలానికి వస్తుంది.

చట్టం ప్రకారం రేటును మెట్రిక్ కొలతలలోనే చెప్పాలి. 2009 లీగల్ మెట్రాలజీ చట్టం ఇతర కొలతలలో ధర పలకడాన్ని నిషేధించింది. అడితీలలో మాత్రం అడుగు రాజ్యమే నడుస్తున్నది. ఇక పట్టా భూమిలోని టేకునయినా అటవీశాఖ అనుమతి లేకుండా కొట్టి తరలించడానికి వీలులేదు. 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం, 1970 నాటి రవాణా నిబంధనలు ఇందుకు ఆధారం. దరఖాస్తులో చెట్ల సంఖ్య, జాతి, చుట్టుకొలత చూపవలసి ఉంటుంది. ఈ తిరుగుడు పడలేక రైతులు కాగితాల పని కొనేవాడికే అప్పగిస్తారు, కొలతల జాబితా కూడా అతని చేతిలోనే ఉండిపోతుంది. ఆ జాబితా నకలు రైతు తన దగ్గర ఉంచుకోవాలి. నరికిన తరువాత ప్రతి దుంగ మీద నంబరు వేయించి, నడుమ చుట్టుకొలత, పొడవు, బెరడుతోనా బెరడు తీసా, హోప్పస్ లెక్కా పూర్తి లెక్కా అన్నది కొలతల చీటీలో రాయించి, లారీ కదలకముందే ఇద్దరూ సంతకాలు చేసుకోవాలి.